పిడికెడు బియ్యంలో ఒక పేరు

ఒక మనిషి నోరు పడిపోవాలని నేను ఏడు నెలలపాటు రోజూ రెండు పూటలా ప్రార్థన చేశాను. గదిలో తలుపేసుకుని చేసింది కాదు. పొయ్యి ముందు నిలబడి, చేతిలో బియ్యం పట్టుకుని, మా అవ్వ నేర్పిన పద్ధతిలోనే చేశాను. పద్ధతిలో ఏ మార్పూ లేదు. అడిగేదొక్కటే మారింది.

మా సంఘంలో ఆడవాళ్లకు పిడికెడు బియ్యం అని ఒక అలవాటు ఉంది. వంటకు బియ్యం కొలుచుకుని, ఏరుకుని, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ డబ్బాను మేడ్చల్‌లోని మా మందిరానికి తీసుకెళ్లి, వెనక గదిలో ఉన్న గోనె సంచిలో గుమ్మరిస్తాం. నెలకోసారి పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, ఆ బియ్యాన్ని చిన్న సంచుల్లోకి పోసి తిండికి ఇబ్బంది పడే ఇళ్లకు చేరవేస్తారు. ఎవరింటికి వెళ్తుందో ఆవిడ చెప్పరు, మేం అడగం. పుచ్చుకునేవాళ్లు ఆదివారం మాతోపాటే చాప మీద కూర్చుని పాటలు పాడుతుంటారు, అంతవరకే తెలుసు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు అవ్వ నా చేతిలో బియ్యం పోసి, గుప్పిట మూయించి చెప్పింది.

“పిడికిట్ల బియ్యమున్నంత సేపు ఒకల పేరు యాది జేస్కో బిడ్డా. దేవునికి ఆ పేరు జెప్పి, అప్పుడు డబ్బల ఎయ్యి. పేరు లేకుంటే అది ఉత్త బియ్యమే.”

నేను పెద్ద భక్తురాలిని కాను. మోకాళ్ల మీద ఉంటే పది నిమిషాల్లో నిద్ర వస్తుంది. శుక్రవారం ఉపవాసం ఉంటే మధ్యాహ్నానికి తలనొప్పి వచ్చి, నేను తెలుగు చెప్పే బడిలో పిల్లల మీద అరుస్తాను. కానీ ఆ పిడికెడు మాత్రం పెళ్లయినప్పటి నుంచీ ఒక్క పూట కూడా తప్పలేదు. జ్వరంతో బడికి రాని పిల్ల పేరు, ఎదురింటి ముసలమ్మ పేరు, ఎక్కువగా మా ఆయన పేరు. ఆయన కాలేజీ బస్సు నడిపేవాడు. వానాకాలంలో షామీర్‌పేట వైపు రోడ్డంతా గుంతలు. అందుకని ఆ బస్సు బ్రేకుల గురించి కూడా నేను దేవుడితో చాలాసార్లు మాట్లాడాను. నాకూ దేవుడికీ ఉన్న రాకపోకలన్నీ ఆ బియ్యం డబ్బా దగ్గరే జరిగేవి.

ఇక ఆమె సంగతి. ఆమె పేరు రాయను. మంచితనం కొద్దీ కాదు, ఆ పేరు రాస్తే ఇవాళ్టికీ నా ఒళ్లు మండుతుంది. ఆమె మా మహిళా సమాజానికి పెద్ద. నాకన్నా ఆరేళ్లు పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. ప్రార్థన మొదలుపెట్టిందంటే పక్క వీధిలో కుక్కలు కూడా మొరగడం ఆపి వినేవి. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఏడవాలో ఆమెకు బాగా తెలుసు. ఆమె భర్త కండ్లకోయలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బస్సులన్నిటికీ ఇన్‌ఛార్జి, మా సంఘానికి పెద్ద కూడా. మా ఆయనను ఆ బస్సు మీద పెట్టించింది ఆయనే.

మా ఆయన తాగేవాడు. పెళ్లయిన కొత్తలో కాదు, మధ్యలో పట్టుకుంది. మూడేళ్లు నానా పాట్లూ పడ్డాక ఒకరోజు తనంతట తనే మానేశాడు. నాలుగు నెలలు చుక్క ముట్టలేదు. ఐదో నెలలో ఒక ఆదివారం ఎవరిదో బంధువుల విందుకు వెళ్లి తాగి వచ్చాడు. మర్నాడు పొద్దున ఐదున్నరకు ఎప్పటిలాగే లేచి, మొహం కడుక్కుని, బస్సు ఎక్కాడు. ఇది నేను దాచను. ఆ సోమవారం ఆయన బస్సు తోలి ఉండకూడదు. నేను గుమ్మానికి అడ్డం నిలబడి ఉండాల్సింది, నిలబడలేదు. టిఫిను డబ్బా చేతికిచ్చి పంపించాను.

రెండు రోజులు ఆ భయం నన్ను తినేసింది. బుధవారం బడి నుంచి నేరుగా ఆమె ఇంటికి వెళ్లాను. అప్పటికి వాళ్లు మేడ్చల్‌లోనే, మందిరానికి దగ్గరలో ఉండేవాళ్లు. వంటింట్లో ఆమె గిన్నెలు తుడుస్తుంటే పక్కన నిలబడి అంతా చెప్పుకుని ఏడ్చాను.

“అక్కా, మీ ఆయనకు గూడ తెల్వొద్దు. ప్రార్థన జెయ్యి. ఎవరికి జెప్పకు.”

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది.

“నా నోట్లకెల్లి బయటికి రాదు చెల్లె. నాకు నీకు దేవునికే తెలుసు.”

శుక్రవారం సాయంత్రం కుటుంబ ప్రార్థన ఆమె ఇంట్లోనే. హాల్లో చాపల మీద పాతిక మందిమి ఉన్నాం. ఆమె భర్త గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. మా ఆయన ఆ పూట రాలేదు, సాయంత్రం ట్రిప్పు ఉంది. పాటలయ్యాయి, వాక్యం అయింది, అవసరతల కోసం ఆమె ప్రార్థన ఎత్తుకుంది. అందరం కళ్లు మూసుకున్నాం. ఒకరి మోకాలి నొప్పి, ఒకరి కూతురి పరీక్షలు, ఒకరి ఇంటి స్లాబు. ఆ తర్వాత గొంతు తగ్గింది. ఆ తగ్గడం నాకు తెలుసు, ఏడుపు రాబోతోందని అర్థం.

“ప్రభువా, మా చెల్లె పెనిమిటి మొన్న ఐతారం మల్ల తాగిండు తండ్రీ. తెల్లారి గట్లనే పిల్లల బస్సు తోలిండు. ఆ చెల్లె కన్నీళ్లు నువ్వు జూసినవ్. ఆయన్ని ఆ బానిసతనంల నుంచి ఇడిపియ్యి నాయినా.”

అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను. అలవాటు.

కళ్లు తెరిచి చూస్తే ఆమె భర్త నన్నే చూస్తున్నాడు. ఆ గదిలో బస్సు తోలే భర్త ఉన్నది నాకొక్కదానికే. మావాళ్లకు ఈ జబ్బు ఒకటుంది. కళ్లు మూసుకుని దేవుడితో చెబితే పక్కవాళ్లకు వినబడదనుకుంటారు. అదే మాట కళ్లు తెరిచి చెబితే చాడీ అని వాళ్లకూ తెలుసు. అయినా ఏ రోజు, ఏ బస్సు అన్న వివరాలు దేవుడికి ఎందుకమ్మా? ఆయనకు తెలియదా? తెలియనిది అక్కడ కుర్చీలో కూర్చున్న ఒక్క మనిషికే.

సోమవారం ఆ మనిషి మా ఆయనను ఆఫీసులోకి పిలిచి తాళంచెవి తీసుకున్నాడు. అలా తీసుకోవడం తప్పని నేను ఎన్నడూ అనలేదు. ఆ బస్సులో యాభై మంది పిల్లలు ఎక్కుతారు. నా కోపమంతా ఆమె మీదే. ఆ మర్నాడే వెళ్లి అడిగాను. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది.

“అదేంది చెల్లె, నేను ప్రార్థనే జేసిన గద. మనుషులకు జెప్పిన్నా?”

అక్కడే, ఆ గుమ్మంలో, ఆమెను నేను చెంప మీద కొట్టి ఉంటే ఈ కథ అంతటితో అయిపోయేది. కొట్టలేదు. ఇంటికి వచ్చాను.

కాలేజీలన్నిటిలో ఇన్‌ఛార్జిలకు ఒకరితో ఒకరికి మాటలుంటాయి. మా ఆయనకు ఇంకెక్కడా బస్సు దొరకలేదు. చివరికి చెత్త టిప్పరు మీద పని దొరికింది. ఊళ్లో చెత్త ఎత్తుకుని జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు తోలడం. ఆ వాసన సబ్బుకు పోదు. రెండు సార్లు స్నానం చేసినా చెవుల వెనక, వేలి గోళ్లలో మిగిలిపోతుంది. మొదటి ఆదివారం ఆయన మందిరానికి వచ్చి మగవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాడు. పక్కనున్నవాళ్లు మాట్లాడకుండా, మర్యాదగా, కొంచెం కొంచెంగా జరిగారు. రెండో ఆదివారం నుంచి ఆయన లోపలికి రాలేదు. నన్ను గేటు దగ్గర దింపి, రోడ్డుకు అవతల చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చునేవాడు. మందిరం బయట స్తంభానికి కట్టిన మైకు పెట్టెలోంచి పాటలూ ప్రసంగమూ అక్కడికి బాగానే వినిపిస్తాయి.

ఆయన నన్ను ఒక్కసారే అడిగాడు.

“నువ్వే జెప్పినవా?”

“ప్రార్థన కోసం జెప్పిన.”

“మంచిగ జేసినవ్,” అన్నాడు. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. తాగడమూ మళ్లీ మొదలుపెట్టలేదు. తిట్టినా బాగుండేది.

అప్పుడు మొదలుపెట్టాను. పొద్దున బియ్యం పిడికిట్లోకి తీసుకునేదాన్ని, ఆమె పేరు చెప్పేదాన్ని, ‘ఆ నోరు పడిపోవాలి’ అనేదాన్ని, డబ్బాలో వేసేదాన్ని. సాయంత్రం మళ్లీ అదే. కొన్నాళ్లకు ఆ ఒక్క మాట చాలలేదు. ఆమె కూడా పాతిక మంది మధ్యలో తల దించుకోవాలి, ఆమె భర్త కూడా రోడ్డు అవతల కూర్చోవాలి, ఆమె గొంతు ఎత్తితే ఎవరూ ఆమెన్ అనకూడదు. దేవుడికి వివరాలు అక్కర్లేదని ఆమెను తప్పుపట్టిన నేను, ఆయనకు ఇంత పొడుగు జాబితా ఇచ్చాను.

అప్పటికింకా రేషన్‌లో దొడ్డు బియ్యం వచ్చేవి. మేం తినేది సన్నబియ్యం, రేషన్ బియ్యం ఇడ్లీ పిండికి వాడేదాన్ని. ముందు చేసిన పని, పిడికెడు సన్నబియ్యంలోంచి కాకుండా ఆ రేషన్ సంచిలోంచి తీయడం. తర్వాత ఏరడం మానేశాను. ఆ తర్వాత ఒకరోజు మా బియ్యం ఏరుతుంటే పెసరగింజంత తెల్లరాయి దొరికింది. దాన్ని బయట పారేయడానికి చెయ్యెత్తి, ఆగి, డబ్బాలో వేశాను. టక్కుమని చప్పుడైంది. ఆ చప్పుడు నాకు ఎంతో హాయిగా అనిపించింది. దాని తర్వాత దొరికిన ప్రతి రాయీ డబ్బాలోకే వెళ్లింది. ఆ బియ్యం ఎవరో లేనివాళ్లు తింటారని నాకు తెలుసు. వాళ్లకు నాతో ఏ పేచీ లేదనీ తెలుసు. అప్పుడు నాకు ఎవరి మీదా కనికరం లేదు, దేవుడి మీద అంతకన్నా లేదు. నా ఇంటి సంగతి ఆయన పేరు మీదే కదా బజారున పడింది!

దేవుడికి దూరమయ్యానని ఎవరైనా అంటే ఒప్పుకోను. నిజానికి అంతకు ముందెప్పుడూ ఆయనతో అంతగా మాట్లాడలేదు. బడికి నడిచి వెళ్తూ, పిల్లల నోట్‌బుక్కులు దిద్దుతూ, బట్టలు ఆరేస్తూ, రోజంతా ఆయనతోనే మాట. అంతా ఆమె గురించే.

ఒకసారి డంపింగ్ యార్డులో చెత్త అంటుకుని రెండు రోజులు పొగ లేచింది. మా ఆయన ఆ పొగలోనే బండి తోలి, మూడో రోజు దగ్గుతో, జ్వరంతో మంచం పట్టాడు. పొద్దున బియ్యం చేతిలోకి తీసుకుని ఆయన పేరు చెప్పాలనుకున్నాను. నోట్లోంచి ఆమె పేరు వచ్చింది. బియ్యం డబ్బాలో వేయకుండా, మళ్లీ గుప్పిట మూసి, మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఆమె పేరే. లోపల మంచం మీద ఆయన దగ్గుతున్నాడు. నా మొగుడి కోసం ఒక్క మాట అడగలేకపోతున్నాను. దానికీ ఆమెనే తిట్టుకున్నాను. నా ప్రార్థన కూడా ఎత్తుకుపోయిందని ఏడ్చాను. కానీ ఆ రోజు నాకు మొదటిసారి భయం వేసింది. ఆయన బండి తోలే రోడ్ల మీద ఇన్నేళ్లుగా నేను పెట్టిన కాపలా ఏడు నెలల నుంచి లేదన్నమాట.

ఈలోపు ఆమె కుటుంబం మేడ్చల్ ఖాళీ చేసి షామీర్‌పేటకు మారింది. అక్కడ గాలి బాగుంటుందని చెప్పారు. ఇల్లు ఇంకా సర్దుకోలేదంటూ ఆమె ఎవరినీ పిలవలేదు, కుటుంబ ప్రార్థనలు వేరే ఇళ్లకు మారాయి. ఆదివారం మాత్రం ఇద్దరూ తప్పకుండా వచ్చేవాళ్లు. ఆయన చొక్కా ఎప్పటిలాగే ఇస్త్రీ మడతతో ఉండేది.

ఒక శనివారం పొద్దున అమ్మగారు ఫోను చేశారు. ఆవిడది గుంటూరు వైపు.

“మెట్ల మీద కాలు బెణికిందమ్మా, లేవలేకుండా ఉన్నాను. ఒక బియ్యం సంచి ఇచ్చి రావాలి. నువ్వు ఈమధ్య ఎవరితోనూ పెద్దగా మాట్లాడటం లేదు కదా, నీకైతే చెప్పొచ్చు అనిపించింది.”

నేను ఎందుకు మాట్లాడటం లేదో ఆవిడకు తెలియదు. సంచి తీసుకుని ఆటోలో షామీర్‌పేట వెళ్లాను. చికెన్ షాపు వెనక సందు, నీలం గేటు, రేకుల ఇల్లు అని గుర్తులు చెప్పారు. గేటు తట్టాను. తలుపు తీసింది ఆమె.

సంచి నా చేతిలో ఉంది. దాచడానికి ఇద్దరికీ చోటు లేదు. చివరికి ఆమె పక్కకు జరిగి, “లోపలికి రా చెల్లె,” అంది. ఆ గొంతు ఆమెదిలా లేదు.

లోపల ఒకటే గది. ఆమె భర్త లుంగీలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ దవడ వాచింది, తల మీదుగా గడ్డం కిందికి తువ్వాలు కట్టుకున్నాడు. నన్ను చూసి లేచి చొక్కా వెతుక్కున్నాడు.

ఆమె మంచినీళ్లిచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని చెప్పింది. కాలేజీవాళ్లు బస్సులన్నీ కాంట్రాక్టుకు ఇచ్చేశారు. ఇన్‌ఛార్జితో పని లేదన్నారు. నాలుగు నెలలైంది. ఆయన ఎక్కడికి వెళ్లినా వయసు ఎక్కువంటున్నారు. ఇంటి ఓనర్లకూ ఇరుగుపొరుగుకూ తెలియకూడదని రోజూ పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిను డబ్బా పట్టుకుని వెళ్తాడు. షామీర్‌పేట చెరువు కట్ట మీద చీకటి పడేదాకా కూర్చుని వస్తాడు.

“ఇయ్యాల పంటినొప్పితోని పోలేదు. మొన్న అన్నంల రాయి తగిలింది. పన్ను సగానికి ఇరిగింది చెల్లె. నేనే సరిగ ఏర్కోలేదు. చూపు ఆనుతలేదు నాకు.”

నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు? నవ్వు ఆపుకోవడానికి గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ రాయి నాది. మా ఆయన చేతిలోంచి తాళంచెవి తీసుకున్న మనిషి నోట్లోకి సరిగ్గా వెళ్లి తగిలింది. ఏడు నెలలు అడిగితే దేవుడు ఇంత సూటిగా ఇస్తాడని నేను కూడా అనుకోలేదు. నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టేసరికి ఇంకో సంగతి తట్టింది. నాలుగు నెలలుగా వాళ్లు తింటున్న అన్నంలో నా పిడికెడూ ఉంది. ఆమెను తిట్టి వేసిన గుప్పెళ్లే ఆమె పొయ్యి మీద ఉడికాయి.

ఆయన దవడ పట్టుకుని నెమ్మదిగా అడిగాడు.

“మీ ఆయన ఎట్లున్నడమ్మా? మంచిగ తోల్తడు బండి. ఆ దినం నాకు ఏరే తొవ్వ లేకుండె.”

నేను సంచి గోడ పక్కన పెట్టాను. లేచాను. ఆమె గేటు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“ప్రార్థన జెయ్యి చెల్లె. ఎవరికి జెప్పకు.”

అవి నా మాటలు. ఆమె వంటింట్లో నిలబడి నేను అన్న మాటలు. అన్నానని ఆమెకు గుర్తయినా ఉందో లేదో! తిరుగు ఆటోలో మేడ్చల్ చేరేలోపే ఏం చేయాలో నిర్ణయించుకున్నాను. ప్రార్థన చేస్తాను. ఆమె చేసినట్టే చేస్తాను.

మర్నాడు ఆదివారం మందిరంలో ఆరాధన లేదు, అందరూ వేరే ఊళ్లో సభలకు వెళ్లారు. అందువల్ల నాకు ఇంకో వారం దొరికింది. ఆ వారమంతా పొయ్యి ముందు అభ్యాసం చేశాను. ‘ప్రభువా, మా అక్క పెనిమిటికి నాలుగు నెలల సంది కొలువు లేదు తండ్రీ. చెరువు కట్ట మీద కూసుంటుండు. సంఘం బియ్యం తింటున్రు.’ ఎక్కడ గొంతు తగ్గించాలో చూసుకున్నాను. ఇస్త్రీ చొక్కా సంగతి చివరికి దాచుకున్నాను, అదే బాగా తగులుతుంది. ఎవరైనా అడిగితే, ప్రార్థనే చేశాను కదా అక్కా, మనుషులకు చెప్పానా, అంటాను. ఆ మాట ఆమెతో అనడం కోసం వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాను.

ఆదివారం మా ఆయన ఎప్పటిలాగే గేటు దగ్గర దింపి చాయ్ బండి దగ్గరికి వెళ్లాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె నాకు రెండు వరుసల ముందు ఉంది. మగవాళ్ల వైపు ఆమె భర్త ఇస్త్రీ చొక్కాలో, వాచిన దవడ మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. పాటలయ్యాక పాస్టరుగారు ప్రార్థన మనవులు ఉన్నవాళ్లు చెప్పమన్నారు. మైకు చేతులు మారుతూ వస్తోంది. నేను చెయ్యెత్తాను. నిలబడ్డాను.

“సంఘానికి వందనాలు,” అన్నాను.

నా గొంతు విని ఆమె వెనక్కి తిరగలేదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని తల దించుకుంది. ఏ మెడ వంగాలని ఏడు నెలలు అడిగానో ఆ మెడ, నేను ఒక్క మాటా చెప్పకముందే వంగింది. నాకు చాలలేదు. నోరు తెరిచాను. ఊపిరి పీల్చుకోవడానికి కిటికీ వైపు తిరిగాను.

రోడ్డు అవతల మా ఆయన లేచి నిలబడి ఉన్నాడు. మైకు పెట్టెలోంచి నా గొంతు ఆయనకు వినబడింది. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. స్తంభం మీద పెట్టె వైపు చూస్తున్నాడు. నేను మళ్లీ ఆయన సంగతే చెప్పబోతున్నాననుకున్నాడు. అది ఆయన మొహం చూస్తే ఎంత దూరం నుంచైనా నాకు తెలుస్తుంది. ఆమె మొహం చూడాలని నేను అన్ని నెలలు కాచుకుని ఉంటే, నాకు కనబడింది ఆయన మొహం. ఆయన మెల్లగా మా బైకు దగ్గరికి నడిచి, తాళం తిప్పాడు.

నేర్చుకున్నదంతా నోట్లోనే ఉంది. మైకు బరువుగా అనిపించింది.

“మా ఇంటి కోసం ప్రార్థించండి,” అన్నాను.

పాస్టరుగారు అలవాటు ప్రకారం అడిగారు.

“ఏ విషయమమ్మా?”

“దేవునికి తెలుసయ్యగారూ,” అని కూర్చున్నాను.

ఎవరో సగం ఆమెన్ అని ఆపేశారు. అంత పొట్టి మనవి మా మందిరంలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. కిటికీలోంచి చూస్తే మా ఆయన బండి మీద కూర్చుని ఉన్నాడు, స్టార్ట్ చేయలేదు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఆమె నా చెయ్యి పట్టుకోబోయింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేను ఆమెను క్షమించలేదు. నా నోరు ఆగింది ఆమె కోసం కూడా కాదు. ఆ సంగతి ఆమెకు తెలియాలని మొహం తిప్పుకుని చెప్పులు వేసుకున్నాను. దారిలో మా ఆయన బండి తోలుతూ, తల తిప్పకుండా అన్నాడు.

“ఇయ్యాల జల్ది అయిపోయింది నీ మనవి.”

“అయిపోయింది,” అన్నాను.

సోమవారం మధ్యాహ్నం బడికి ఒంటిపూట సెలవు. మనవి ధ్యాసలో ఆదివారం మందిరానికి తీసుకెళ్లకుండా వదిలేసిన డబ్బాలో ఉన్నదంతా చాటలో పోసుకుని గడప దగ్గర వెలుతురులో కూర్చున్నాను. ఒక్కొక్కటే ఏరుతున్నాను. తెల్లరాళ్లు బియ్యంలో కలిసిపోయి తొందరగా కనబడవు, వేలితో తడిమి పట్టుకోవాలి. రెండు వారాల్లోనే నేను అన్ని వేశానంటే నాకే నమ్మకం కలగలేదు. సగం ఏరాక సన్నబియ్యం డబ్బాలోంచి ఒక పిడికెడు తీసి గుప్పిట మూశాను. ఆమె పేరే వచ్చింది. వస్తే రానిమ్మన్నాను. ‘ఆయన పంటినొప్పి తగ్గించు, ఆమెకు చూపు కాస్త ఆనేట్టు చెయ్యి. ఇంతకన్నా ఎక్కువ ఇవాళ నన్ను అడగకు’ అని చాటలో వేశాను. ఇంకో పిడికెడు తీసుకున్నాను. ఈసారి మా ఆయన పేరు వచ్చింది. ఎంతోకాలానికి వచ్చింది కాబట్టి చాలాసేపు గుప్పిట విప్పలేదు.

అప్పుడే ఆయన యార్డు నుంచి వచ్చాడు. స్నానానికి వెళ్లకుండా వాసనతోనే మెట్టు మీద కూర్చుని నా చాట వైపు చూశాడు.

“డబ్బ బియ్యానికి గింత ఏరుడేందే?”

“రాళ్లున్నయ్.”

“ఎవరింటికి పోతయ్ గివి?”

నాకు తెలిసిన సంగతుల్లో ఆయనకు ఇంతకన్నా తీపిగా ఉండేది ఇంకొకటి లేదు. తన తాళంచెవి తీసుకున్న మనిషి చెరువు కట్ట మీద కూర్చుంటున్నాడని, ఈ బియ్యమే తింటున్నాడని ఒక్క మాట చెబితే చాలు, ఏడు నెలలుగా నేను చూడని నవ్వు ఆ మొహంలో కనబడేది. ఆ నవ్వు కోసం నా ప్రాణం కొట్టుకుంది.

“తెల్వది,” అన్నాను.

ఆయన లేచి వెళ్లి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి, చాటకు అవతలి వైపు కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు.